గృహ వ్యవహారములు: చివరి పుటలోని చిన్న అక్షరములు

వేసవి సెలవులు దగ్గఱకు వచ్చినవన్నచో మన యిండ్లలో ప్రయాణపు మాటలు పుట్టును. ఒకరింట కాశీయాత్ర, ఒకరింట కాశ్మీరము, మఱియొకరింట సముద్రములు దాటి కూతురి పురుటికి పయనము. టిక్కెట్లు కొనుట పురుషుల పని యనియు, పెట్టెలు సర్దుట, పచ్చళ్లు కట్టుట మన పని యనియు మన మనుకొందుము. ఈ రెండు పనుల నడుమ ఎవ్వరి పనియు గాక మిగిలిపోవు కాగిత మొకటి కలదు. అదియే ప్రయాణభీమా పత్రము. టిక్కెట్టు కొనునప్పుడే ఏజెంటు దానిని గూడ చేర్చి యిచ్చును. సొమ్ము చెల్లింతుము. ఆ కాగితమును పాసుపోర్టుతో కలిపి సంచిలో పెట్టుదుము. దానిని చదువువారు మాత్రము అరుదు.

గత మాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. దంపతు లిరువురును సింగపూరు పోవుటకు టిక్కెట్లు కొని, వానితోపాటు భీమాయు కొనిరట. ఆ పత్రము చివరి పుటలలో, మహమ్మారుల వలన కలుగు నష్టములు ఈ భీమాకు చెందవను వాక్యమును వారి కోడలు చూచి చెప్పినదట. "కోవిడు వచ్చిపోయి యిన్నేండ్లయినది గదా, ఆ వాక్య మింకను ఏల యున్నది? దానివలన మాకు వచ్చు హాని యేమి?" అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మాకు కొంత స్వానుభవము కలదు. అది సంతోషకరమైన అనుభవము గాదు. అయినను పదిమందికి పనికివచ్చు విషయమును దాచుకొనుట న్యాయము గాదని యిచ్చట వ్రాయుచున్నాము.

మా అక్కగారి కొమార్తె అమెరికాలో డల్లాసు నగరమున కాపురమున్నది. 2020వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఆమెకు నెలలు నిండునని వైద్యులు చెప్పిరి. తొలిచూలు. పురుటికి దగ్గఱ నుండవలెనని అక్కగారు 2019 డిసెంబరులోనే హైదరాబాదునుండి టిక్కెట్టు కొనిరి. ప్రయాణము మార్చి 28వ తేదీకి. ఆ సొమ్ము బావగారి జీతములోనిది గాదు. మా తండ్రిగారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన యెకరము పొలముపై వచ్చు కౌలును మూడేండ్లు కూడబెట్టి, తన చేతులమీదుగా ఆమె కొన్న టిక్కెట్టు అది.

భీమా మాత్రము అప్పుడు కొనలేదు. ఫిబ్రవరి మూడవ వారమున కొంటిమి. అప్పటికే చీనా దేశమున ఊహాను నగరపు జ్వరమును గుఱించి పత్రికలలో చదువుచుంటిమి. జపానులోని యోకొహామా రేవున డైమండు ప్రిన్సెస్ అను ఓడను నిలిపివేసిన వార్తయు చదివితిమి. ఆ వార్తలు చదివియే "ఎందుకైనను మంచిది" అని భీమా కొంటిమి. కొనుమని చెప్పినవారము మేమే.

అక్కగారు ఆ మాసమంతయు వంటింటనే గడపిరి. బాలెంతరాలికి పెట్టుటకు కాయము దంచి, బెల్లము, నేయి చేర్చి జాడీ కెత్తిరి. వెల్లుల్లి కారము, కరివేపాకు పొడి, శొంఠి పొడి సీసాలలో నింపిరి. మెత్తబడిన పాత నూలు చీరలు చించి, ఉదికి, ఎండబెట్టి, పొత్తిళ్ల గుడ్డలుగా మడిచి పెట్టిరి. మార్చి మొదటి వారమున ఆమె కుమారుడు వచ్చి, "రోజురోజుకు వార్తలు బాగుగా లేవు. కొంత సొమ్ము కట్టినచో టిక్కెట్టు ముందునకు జరుపుదురట. అమ్మను ఈ వారమే పంపుదమా?" అని అడిగెను. మేము, "భీమా ఉన్నది గదా, తొందర యెందులకు? ప్రయాణము ఆగినను సొమ్ము పోదు" అంటిమి. ఆ మాట నేటికిని మా చెవిలో నున్నది.

మార్చి 11వ తేదీన ప్రపంచారోగ్య సంస్థ యీ వ్యాధిని మహమ్మారి యని పేర్కొనినది. 22వ తేదీనుండి విదేశ విమానములు మన దేశమునకు రాకుండ ప్రభుత్వము నిలిపివేసినది. 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను. అక్కగారి పెట్టె కట్టినది కట్టినట్లే వసారాలో నుండిపోయినది. ఏప్రిలులో అక్కడ ఆడపిల్ల పుట్టినది. పొరుగుననున్న తెలుగు ఇల్లాండ్రు చారును, పథ్యపు కూరలను వండి తెచ్చి, వాకిట నుంచి, దూరముగా నిలిచి పలుకరించి వెళ్లెడివారట. అక్కగారు మనుమరాలి మొగమును టెలిఫోనులో చూచిరి.

టిక్కెట్టు సొమ్మునకై విమానకంపెనీకి వ్రాయగా, సొమ్ము తిరిగి యీయక, మఱొకప్పుడు ప్రయాణించుటకు చెల్లునట్టి చీటీ నొకదాని నిచ్చినది. భీమా కంపెనీకి వ్రాసితిమి. మూడు వారములకు జవాబు వచ్చినది. ఈయజాలమనుటకు అందు మూడు కారణములు చూపిరి. ఆనాడు మాకు మిక్కిలి కోపము వచ్చినది. పిమ్మట నెమ్మదిగా పత్రమును ముందుంచుకొని చదువగా, ఆ మూడును అందులో వ్రాసియే యున్నవి. మేము చదువకపోవుటయే తక్కువ. ఆ మూడు కారణములను వరుసగా విప్పి చెప్పినచో మన సోదరి ప్రశ్నకు చాలవఱకు సమాధానము దొరకును.

మొదటి కారణము తేదీ. భీమా యనునది రాబోవునో రాదో తెలియని యాపదకు మాత్రమే. ఆపద కన్నుల యెదుట నిలిచిన పిమ్మట కొన్న భీమా ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లే యగును. ప్రపంచారోగ్య సంస్థ 2020 జనవరి 30వ తేదీనే ఈ వ్యాధిని అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించినది. విదేశములలో పెక్కు కంపెనీలు ఆ జనవరి చివరి దినములలోనే యొక తేదీని నిర్ణయించుకొని, ఆ తేదీ దాటిన పిమ్మట భీమా కొన్నవారికి ఈ వ్యాధి "తెలిసిన ఆపద" యనియు, దానివలన ప్రయాణము మానుకొన్నచో సొమ్ము చెల్లదనియు చెప్పినవి. మేము కొన్నది ఫిబ్రవరిలో. టిక్కెట్టు డిసెంబరులో కొంటిమి గదా యని వాదించితిమి. వారు చూచునది టిక్కెట్టు కొన్న తేదీని గాదు, భీమా కొన్న తేదీని. రెండును ఒకనాడే కొనియున్నచో ఈ మొదటి కారణము నిలువకపోయెడిది.

రెండవ కారణము ప్రయాణము ఆగుటకు గల హేతువు. ప్రయాణము మానుకొన్నచో సొమ్ము నిత్తుమను భాగమున, ఏయే హేతువులకు ఇత్తురో పట్టిక వ్రాసియుందురు. ప్రయాణికునికి వైద్యుడు ధ్రువపఱచిన తీవ్రమైన జబ్బు, దగ్గఱి బంధువుల మరణము మొదలైనవి సామాన్యముగా ఆ పట్టికలో నుండును. జబ్బు వచ్చునేమో యను భయము ఉండదు. ప్రభుత్వము దారులు మూసివేయుట తఱచుగా నుండదు. కొన్నింట అది చెల్లదని స్పష్టముగా వ్రాసియుందురు. మా అక్కగారికి జ్వరము రాలేదు. విమానము ఎగురకపోవుటకు కారణము ప్రభుత్వాజ్ఞ. ఆమె ఆరోగ్యముగా నుండుటయే ఆమె క్లెయిమునకు అడ్డు వచ్చినదన్నమాట. వినుటకు వింతగా నున్నను కాగితములో నున్నది అదియే.

మూడవది మన సోదరి కోడలు చూచిన వాక్యము. మహమ్మారి వలన గాని, అంటువ్యాధుల వ్యాప్తి వలన గాని కలుగు నష్టము లేవియు చెల్లవను సాధారణ మినహాయింపు. ఇది మిగిలినవానినన్నిటిని మించినది. అక్కగారికి నిజముగానే ఆ జ్వరము వచ్చి, వైద్యుని చీటీ చేత నున్నను, ఈ వాక్యము గల పత్రముతో ఒక్క పైసయు వచ్చెడిది గాదు.

ఇట్టి వాక్యము ఏల వ్రాయుదురు? కంపెనీలు కేవలము దురాశతో వ్రాసినవని యనుటకు లేదు. భీమా మూలసూత్రము మన పల్లెలలో మున్నుండిన యాచారము వంటిదే. ఊరిలో ఒక యిల్లు కాలినచో తక్కిన యిండ్లవారు ఇంటికొక తాటాకుల మోపు నిచ్చి తిరిగి కప్పింతురు. ఊరంతయు ఒక్కనాడే కాలినచో తాటాకు లిచ్చువా రెవరు? ప్రయాణికులలో నూటి కొకరికి కాలు విరుగవచ్చును, ఒకరికి పెట్టె పోవచ్చును. తక్కినవారు కట్టిన ప్రీమియముతో వారి నష్టమును పూడ్తురు. మహమ్మారి వచ్చినచో అందఱి ప్రయాణములును ఒక్కమాఱే ఆగును. 2003వ సంవత్సరమున సార్సు అను శ్వాసవ్యాధి ఆసియా ఖండమున ప్రయాణములను స్తంభింపజేసినది. ఆ పిమ్మట పలు కంపెనీలు అంటువ్యాధుల మినహాయింపును తమ పత్రములలో చేర్చినవి. కావున ఆ వాక్యము కోవిడు కొఱకు వ్రాసినది గాదు, కోవిడుతో పోవునది గాదు. ప్రపంచారోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన కోవిడు అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినను, రాబోవు మఱియొక వ్యాధికై ఆ వాక్యము వేచియే యుండును.

మహమ్మారికి అసలు భీమాయే లేదా యన్నచో, అడిగి, వేఱుగా సొమ్ము చెల్లించినవారికి ఉండవచ్చును. ఇంగ్లండులో వింబుల్డను టెన్నిసు పోటీలు నడుపు సంఘమువారు సార్సు వ్యాధి పిమ్మట ప్రత్యేకముగా మహమ్మారి భీమా నడిగి, ఏటేట పెద్ద ప్రీమియము చెల్లించుచు వచ్చిరనియు, 2020లో పోటీలు రద్దు చేయవలసి వచ్చినప్పుడు పదికోట్ల పౌండ్లకు మించిన సొమ్ము పొందిరనియు ఆనాటి పత్రికలు వ్రాసినవి. మనము వింబుల్డనువారము గాము. అయినను నేర్వవలసిన పాఠ మొక్కటే. పత్రములో వ్రాసియున్నదే మనది, వ్రాయనిది మనది గాదు.

చవుకగా వచ్చు భీమా విషయమున ఈ పాఠము మఱింత జ్ఞాపకముంచుకొనవలయును. రైలు టిక్కెట్టును ఇంటర్నెట్టులో కొనునప్పుడు ఒక రూపాయికి లోపుగనే భీమా చేర్చుకొను ఏర్పాటు 2016 సెప్టెంబరునుండి కలదు. రైలు ప్రమాదమున మరణము సంభవించినచో 10 లక్షల రూపాయలు కుటుంబమునకు వచ్చును. అంత తక్కువ సొమ్మునకు అది మేలైన యేర్పాటే. కాని అది ప్రమాదమునకు మాత్రమే. త్రోవలో జ్వరము వచ్చినను, జ్వరము వచ్చి ప్రయాణము మానుకొన్నను దానితో సంబంధము లేదు. "భీమా తీసికొంటిమి" అను మాటకు అర్థము లేదు. "దేనికి భీమా తీసికొంటిమి" అనుటకే అర్థము కలదు.

ఇక నేటి పత్రముల సంగతి. కోవిడు పిమ్మట ప్రయాణభీమాలు మూడు తెగలుగా నున్నవని స్థూలముగా చెప్పవచ్చును. మహమ్మారి యను మాట యున్నచో దేనికిని ఈయనివి మొదటి తెగ. కోవిడును తక్కిన జబ్బులతో సమానముగా చూచి, విదేశమున ఆసుపత్రి ఖర్చునకును, బయలుదేరుటకు ముందు ప్రయాణికునికే ఆ జబ్బు సోకినట్లు పరీక్షలో తేలినచో టిక్కెట్టు నష్టమునకును సొమ్ము నిచ్చుచు, దారులు మూసివేసినచో మాత్రము ఈయనివి రెండవ తెగ. అదనపు ప్రీమియము తీసికొని, ఆ వ్యాధికి ప్రత్యేకముగా అనుబంధము చేర్చునవి మూడవ తెగ. మూడింటిపైనను పేరు మాత్రము ప్రయాణభీమా యనియే యుండును. అమెరికాలో ఇవి గాక, ఏ కారణముననైనను ప్రయాణము మానుకొను హక్కును అమ్మువారును కలరు. దానికి ప్రీమియము ఎక్కువ. మొదటి సొమ్ము చెల్లించిన రెండు మూడు వారములలోపల కొనవలెను. అప్పటికిని వచ్చునది సామాన్యముగా నష్టములో సగమునుండి ముప్పాతిక వఱకే. భయముచేత మానుకొన్నను సొమ్ము వచ్చునది ఇట్టి పత్రములలోనే.

వైద్యపు ఖర్చు వేఱు, వేఱుగా నుంచుటకైన ఖర్చు వేఱు. డైమండు ప్రిన్సెస్ ఓడపై 3,711 మంది యుండగా 700 మందికి పైగా జబ్బు సోకినది. తక్కినవారికి జబ్బు లేదు. అయినను వారిని గూడ దినముల తరబడి గదులలో నుంచవలసి వచ్చినది. అట్టివారి గది యద్దె, భోజనము, మఱొక విమానపు టిక్కెట్టు వైద్యపు ఖర్చు క్రిందికి రావు. ఈ భేదమును గ్రహించియే 2020 జూలైలో ఎమిరేట్సు విమానకంపెనీ తన ప్రయాణికులకు, కోవిడు వైద్యమునకు 1,50,000 యూరోల వఱకు ననియు, వేఱుగా నుంచినచో దినమునకు 100 యూరోల చొప్పున 14 దినముల వఱకు ననియు, రెంటిని విడివిడిగా లెక్కకట్టి ఉచితముగా ప్రకటించినది. మీ పత్రములో క్వారంటైను అను మాట ఎచ్చటనైన నున్నదా యని వెదకుడు. లేనిచో ఆ ఖర్చు మీదే.

వీసా కొఱకు కొను భీమా విషయమునను ఒక హెచ్చరిక. ఐరోపాలోని షెంగెను దేశముల వీసాకు కనీసము 30,000 యూరోల వైద్యభీమా చూపవలెనని నియమము. ఆ కాగితము వీసా అధికారికి చాలును. మీ టిక్కెట్టు సొమ్మునకు అది చాలునని మాత్రము అనుకొనవలదు. వైద్యమునకు గల భీమాయు, ప్రయాణము మానుకొన్నందులకు గల భీమాయు రెండు వేఱు భాగములు. ఒకటి యున్నంతమాత్రమున రెండవది యుండునని లేదు.

మన యిండ్లనుండి అమెరికాకు పోవువారిలో కూతుండ్ర పురుళ్లకు, మనుమల పెంపకమునకు పోవు పెద్దవా రెందఱో కలరు. వీరు ముఖ్యముగా రెండు సంగతులు చూడవలయును. మధుమేహము, రక్తపుపోటు మొదలైన పాత జబ్బులను దాచక ముందే వ్రాయవలెను. దాచినచో ఆ తప్పిదమును చూపియే మొత్తము క్లెయిమును త్రోసివేయవచ్చును. వయస్సు పెరిగినకొలది భీమా పరిమితియు తగ్గుచుండును, ఆ సంఖ్యను చూచుకొనవలెను. ఇక అమెరికా కంపెనీలు అమ్ము సందర్శక భీమాలలో కొన్నింట మఱియొక మెలిక యున్నది. ఆ దేశపు వ్యాధినివారణ కేంద్రమగు సీడీసీ ఒక దేశమునకు పెద్ద హెచ్చరిక జారీచేసిన పిమ్మట అచ్చటికి పయనించినచో, ఆ వ్యాధికి వైద్యపు ఖర్చు ఈయరు. మహమ్మారి యని యెవరు ప్రకటింపవలెను, ఏ తేదీ లెక్కకు వచ్చును అను సంగతి పత్రములోనే యుండును. 2020లో జనవరి 30వ తేదీకిని మార్చి 11వ తేదీకిని నడుమ నాఱు వారముల యంతర మున్నది. ఆ యాఱు వారములలో భీమా కొన్నవారి భాగ్య మంతయు ఆ యొక్క వాక్యపు కూర్పుపై ఆధారపడినది.

సొమ్ము అడుగుటకును ఒక వరుస కలదు. విమానమును కంపెనీయే రద్దు చేసినచో మొదట అడుగవలసినది విమానకంపెనీని. లాక్‌డౌను కాలపు టిక్కెట్ల విషయమున మన సర్వోన్నత న్యాయస్థానము 2020 అక్టోబరు 1వ తేదీన తీర్పు చెప్పుచు, సొమ్ము తిరిగి యీయవలెననియు, ఆర్థికముగా చిక్కులలో నున్న మన దేశపు కంపెనీలు 2021 మార్చి 31వఱకు చెల్లు చీటీల నీయవచ్చుననియు, నెలలు గడచుకొలది ఆ చీటీ విలువ పెరుగవలెననియు ఆదేశించినది. పిమ్మట బసకు కట్టిన సొమ్మును అడుగవలెను. ఎవ్వరును తిరిగి యీయక మిగిలిన నష్టమునకు మాత్రమే భీమా కంపెనీని అడుగుట. చీటీ పుచ్చుకొన్నచో నష్టము తీరినట్లే యని కొన్ని భీమా కంపెనీలు వాదించును. మా జవాబు చివరను ఆ మాటయు నుండెను. కావున చీటీ యిత్తుమన్నప్పుడు తొందరపడి సమ్మతింపక, సొమ్మే కావలెనని వ్రాతపూర్వకముగా అడుగుట మంచిది. మా అక్కగారి టిక్కెట్టు సొమ్ము ఏడాదిపాటు జాబులు వ్రాసిన పిమ్మట చేతికి వచ్చినది. భీమాకు కట్టినది మాత్రము రాలేదు.

భీమా కంపెనీ త్రోసివేసినంతమాత్రమున అన్ని తలుపులును మూసికొనవు. మొదట ఆ కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నెలలోపల జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను భీమా అంబుడ్స్‌మను కడకు పోవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. కంపెనీ కాదన్న నాటినుండి ఏడాదిలోపల అర్జీ పెట్టవలెను. తెలుగువారి కొఱకు ఆ కార్యాలయము హైదరాబాదులోనే యున్నది. దేశమునకంతకు భీమా కంపెనీలపై పెత్తనము చేయు నియంత్రణ సంస్థయు హైదరాబాదులోనే యున్నది. 'బీమా భరోసా' యను పేర ఆ సంస్థవారు ఇంటర్నెట్టులో ఫిర్యాదులు తీసికొందురు. మినహాయింపును కొనువారికి ముందుగా తెలుపకున్నచో కంపెనీ దానిని అడ్డుపెట్టుకొనజాలదని సర్వోన్నత న్యాయస్థానము 2000వ సంవత్సరమున నొక తీర్పులో చెప్పియున్నది. వాక్యము రెండర్థముల కెడమిచ్చుచున్నచో దానిని వ్రాసినవారికి ప్రతికూలముగ చదువుట కూడ న్యాయస్థానములలో వాడుక. కావున మీకు పూర్తి పత్రము నిచ్చిరా, పైపుట నొక్కదానినే యిచ్చిరా యనునది ముఖ్యమైన సంగతి. పత్రము వచ్చిన తేదీని ఒక మూల వ్రాసి యుంచుకొనుడు.

మా సోదరీమణులకు మేము చెప్పదగినది నాలుగు మాటలు. టిక్కెట్టుకు మొదటి రూపాయి చెల్లించిన దినమే భీమాయు కొనుడు. కొనుటకు ముందు ఏజెంటును నాలుగు ప్రశ్నలడుగుడు. నాకు అంటుజబ్బు వచ్చి ప్రయాణము మానుకొన్నచో నిత్తురా? అక్కడ జబ్బుపడినచో వైద్యమునకు ఇత్తురా? జబ్బు లేకయే నన్ను వేఱుగా నుంచినచో ఆ ఖర్చు నిత్తురా? ప్రభుత్వము దారులు మూసినచో నిత్తురా? ఈ నాలుగింటికి జవాబును వ్రాతగా పుచ్చుకొనుడు. నోటి మాటలు నీటి మూటలు. నాలుగవదానికి "లేదు" అన్నంతమాత్రమున ఆ భీమా పనికిరానిదని కాదు. ఏది లేదో తెలిసికొని, దానికి తగినట్లు ఆలోచించుకొనుటకే యీ ప్రశ్నలు. దారులు మూసినచో సొమ్ము రాదని తెలిసినవారు తిరిగి సొమ్ము వచ్చు టిక్కెట్టునే కొనవచ్చును, బసకు ముందుగా అంతయు చెల్లింపక యుండవచ్చును, వార్తలు చెడుచున్నప్పుడు ప్రయాణమును ముందునకో వెనుకకో జరుపుకొనవచ్చును.

మా జాబు వ్రాసిన సోదరి యీ నాలుగు ప్రశ్నలను నేడే తమ ఏజెంటు నడుగవలెనని కోరుచున్నాము. టిక్కెట్టు కొన్న పిమ్మట కూడ పత్రమును మార్చుకొనుటకు గాని, అనుబంధము చేర్చుకొనుటకు గాని అవకాశ ముండవచ్చును. ఆపద పేరు పత్రికలలో కెక్కిన పిమ్మట మాత్రము ఆ యవకాశ ముండదు.

భీమా కంపెనీ జవాబు వచ్చిననాడు మేము అక్కగారి కడకు టెలిఫోను చేసి, సొమ్ము పోయినందులకు క్షమించుమని యడిగితిమి. ఆమె, "డబ్బు మాట అలా ఉంచవే. ఆ కాగితం వట్టిదని తెలిసుంటే పిల్లవాడు అడిగినప్పుడే బయలుదేరి పోయేదాన్ని గదా" అనిరి. మఱియేమియు ననలేదు. భీమా లేకపోవుటచేత ఆమెకు కలిగిన నష్టము తక్కువ. ఉన్నదను ధైర్యము చేత కలిగిన నష్టమే యెక్కువ. దానిని తీర్చు కంపెనీ లోకమున లేదు.

మన దేశమునుండి విదేశ విమానములు 2022 మార్చి 27వ తేదీనుండి మరల పూర్వమువలె నడువసాగినవి. ఆ జూనులో అక్కగారు డల్లాసు వెళ్లిరి. ఈమాఱు టిక్కెట్టును, భీమాను ఒక్కనాడే కొనిరి. కండ్లద్దములు పెట్టుకొని, వంటింటి పీటమీద కూర్చుండి, పత్రము నంతటిని చివరి పుటనుండి మొదటి పుటకు తానే చదివిరి. తెలియనిచోట్ల పెన్సిలుతో గీతలు గీచి, ఏజెంటును పిలిపించి యడిగిరి. ఆయన రెండింటికి అచ్చటనే జవాబు చెప్పలేక మఱునాడు వ్రాతగా తెచ్చి యిచ్చెను.

కాయము అవసరము ఆనాటికి తీరిపోయినది. పెట్టెలో సున్నియుండలు, కారప్పొడులు సర్దిరి. అడుగున ఆ పొత్తిళ్ల గుడ్డ నొకదానిని వైచుకొనిరి. మనుమరాలికి అప్పటికి రెండేండ్లు దాటినవి. ఆ గుడ్డతో ఆ పిల్ల తన బొమ్మను చుట్టుకొని నిద్రించుచున్న ఛాయాచిత్రమును అక్కగారు మాకు పంపిరి.

మీ సంచిలో పాసుపోర్టు ప్రక్కన నున్న కాగితమును ఈ రాత్రి వంటపని ముగిసిన పిమ్మట ఒక్కమాఱు బయటికి తీయుడు. చివరి పుటనుండి చదువ మొదలిడుడు.